ఎడారి రక్షణ ప్రాంతంలో వాలంటీర్ గైడ్‌గా చేరాలంటే ఎంత ఫిట్‌నెస్ ఉండాలి?

అరిజోనాకి కొత్తగా వచ్చాను, శనివారాలు ఖాళీ, ఎడారిలో జనాన్ని హైక్‌లకి తీసుకెళ్ళే వాలంటీర్లలో చేరదామనుకుంటున్నాను, ఎన్ని మైళ్ళు నడవగలగాలి అని అడిగారు. ఏడేళ్ళుగా ఫీనిక్స్ దగ్గర ఒక రక్షిత ఎడారి ప్రాంతంలో ఇదే పని చేస్తున్నాను కాబట్టి చెప్తున్నాను. నాలుగు మైళ్ళు నింపాదిగా నడవగలిగితే చాలు. మా బృందంలో రిటైరైనవాళ్ళే ఎక్కువ, డెబ్బై దాటినవాళ్ళూ ఉన్నారు, నాకంటే బాగా నడుస్తారు. కాళ్ళ గురించి బెంగ వద్దు. ఈ పనికి కావలసింది నోరు. ఎదుటి మనిషి నొచ్చుకోకుండా, జరగాల్సిన నష్టం జరగకముందే, ఒక మాట చెప్పగలగాలి. ఈ సంగతి నాకు ఒక తాబేలు దగ్గర తెలిసొచ్చింది.

అది 2023. మీరప్పటికి ఇక్కడికి రాలేదు. జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగటి ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు, సెల్సియస్‌లో చెప్పాలంటే 43. వానలైనా ఆదుకుంటాయనుకుంటే అవీ మొహం చాటేశాయి. ఇక్కడ వానాకాలాన్ని జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు లెక్కేస్తారు. ఆ మూడున్నర నెలల్లో నగరంలో నమోదైన వాన నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు. అంత పొడి వానాకాలం రికార్డుల్లోనే లేదు. చేతులెత్తి నిలబడ్డట్టుండే పెద్ద కాక్టస్‌లు, సువారోలు, ఉన్నట్టుండి కూలిపోయాయి. సువారో పగలంతా ఒంటి మీది సన్నని రంధ్రాలు మూసుకుని ఉంటుంది, రాత్రి చల్లబడ్డాకే తెరిచి గాలి తీసుకుంటుంది. ఆ వేసవిలో చాలా రాత్రులు 90 డిగ్రీల కిందికి దిగలేదు. ఇక ఊపిరి ఎప్పుడు పీల్చుకోవాలి?

అలాంటి వేసవి గడిచాక అక్టోబరులో సీజన్ మొదటి హైక్. ఇరవై మంది దాకా వచ్చారు. ముందు నడిపించేది ఇంకొకాయన. నేను స్వీప్, అంటే అందరికంటే వెనక నడుస్తూ ఎవరూ తప్పిపోకుండా చూసుకునే మనిషిని. మైలున్నర నడిచాక ట్రైల్ ఒక ఎండిన ఇసుక వంకను దాటుతుంది. అక్కడ ముందున్నవాళ్ళు సంబరంగా కేకలు వేయడం వినబడింది. నేను గబగబా వెళ్ళేసరికి ఒకాయన రెండు చేతులతో తాబేలును ఛాతీ ఎత్తుకి లేపి పట్టుకుని ఉన్నాడు. ఎనిమిదేళ్ళ కొడుకు పక్కన నిలబడి దాని ముందు కాలిని ఒక్క వేలితో తాకుతున్నాడు. భార్య ఫోన్ పట్టుకుని "కొంచెం ఇటు తిప్పండి" అంటోంది. తెలుగువాళ్ళే.

తాబేలు తల పూర్తిగా లోపలికి లాక్కుంది. వెనక కాళ్ళు మాత్రం గాలిని తోస్తున్నాయి. అంతలో దాని కింద నుంచి ధార మొదలైంది. ఆయన బూట్ల మీద పడి ఇసుకలోకి ఇంకిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిల్లాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

చూసేవాళ్ళకి అది మూత్రం. తాబేలుకి అది నీళ్ళ కుండ. ఇక్కడి ఎడారి పేరు సోనోరన్; ఈ సోనోరన్ ఎడారి తాబేలు వాన పడినప్పుడు తాగిన నీళ్ళను మూత్రాశయంలో దాచుకుని, కరువు రోజుల్లో అక్కడి నుంచే తిరిగి ఒంట్లోకి తీసుకుంటుంది. అలా ఏడాది దాకా తాగకుండా నెట్టుకురాగలదు. ఎవరైనా ఎత్తితే బెదిరిపోయి ఆ నీళ్ళు వదిలేస్తుంది. వదిలేస్తే మళ్ళీ వాన పడేదాకా నింపుకునే దారి లేదు. ఆ ఏడాది వానే లేదు.

"కింద పెట్టండి. మెల్లగా. తీసిన చోటే, అది ఎటు పోతుంటే అటే తల ఉండేలా" అన్నాను. గొంతు పెంచలేదు. ఆయన వెంటనే పెట్టేశాడు. అప్పుడు అందరికీ సంగతి చెప్పాను. నవ్వులు ఆగిపోయాయి. పిల్లాడు తన బాటిల్ మూత తిప్పుతూ, "ఆంటీ, నా వాటర్ పోసేయనా?" అన్నాడు. వాడి గొంతు వణికింది. "వద్దు నాన్నా, మనం దగ్గరుంటే ఇంకా భయపడుతుంది, దూరం జరుగుదాం" అన్నాను. ముందు నడిచే ఆయన జంతువుల సంగతి చూసేవాళ్ళకి ఫోన్ చేసి చోటు చెప్పాడు. మేం ఇరవై అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాం. ఇసుక మీది తడి మచ్చ అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. అరచేయంత అయింది, నాణెమంత అయింది, ఆ తర్వాత చుట్టూ ఉన్న ఇసుక రంగులో కలిసిపోయింది. తాబేలు అప్పటికీ తల బయట పెట్టలేదు. అది బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

తిరిగి వస్తున్నప్పుడు ఆయన వెనకబడి నాతో నడిచాడు. "మొదట్లోనే ఒక్క మాట చెప్పి ఉంటే ముట్టుకునేవాణ్ణి కాదు కదండీ" అన్నాడు. కోపంగా అనలేదు. బాధగా అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను, ఎందుకంటే ఆయన అన్నది నిజం. బయలుదేరే ముందు పావుగంట సేపు పాముల గురించి చెప్పాం, నీళ్ళ గురించి చెప్పాం, టోపీలు, సన్‌స్క్రీన్, చోయా అనే కాక్టస్ ముళ్ళు, అన్నీ చెప్పాం. అన్నీ ఎడారి వల్ల మనుషులకి ఏమీ కాకుండా ఉండటానికే. మనుషుల వల్ల ఎడారికి ఏమీ కాకుండా ఉండటానికి ఒక్క ముక్క చెప్పలేదు.

ఎడారిని పాడుచేసేవాళ్ళలో చెడ్డవాళ్ళు బహు తక్కువ అని ఆ రోజు నుంచి నా నమ్మకం. మిగిలినవాళ్ళందరికీ ఎవరూ చెప్పలేదు, అంతే. ఎడారి అనగానే అక్కడేముంది పాడవడానికి అనుకుంటారు. నా స్నేహితులే అంటారు, "వారం వారం ఆ రాళ్ళలో ఏం చూస్తావు?" అని. వాళ్ళని ఒకసారి తీసుకెళ్ళి ఒక పాలో వెర్డే చెట్టు కింద కూర్చోబెట్టి చూపించాను. కొమ్మల నీడలో, రెండు రాళ్ళ సందున, నా బొటనవేలంత సువారో. అంత ఎదగడానికి దానికి ఎనిమిదేళ్ళు పడుతుంది. మొదటి చెయ్యి రావడానికి 50 నుంచి 75 ఏళ్ళు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే. చిన్నప్పుడు ఎండకి మాడకుండా, చలికి చావకుండా పక్కన ఇలా ఒక తల్లి చెట్టు ఉండాలి. దానికి నాలుగు వేళ్ళ దూరంలో బూటు అచ్చు ఉంది. ఎవరో మలుపు తిరగడానికి బద్ధకించి అడ్డంగా నడిచారు. తొక్కి ఉంటే తొక్కామన్న సంగతి కూడా వాళ్ళకి తెలిసేది కాదు.

ఆ బూటు అచ్చు పడిన నేల కూడా ఉత్త మట్టి కాదు. నల్లగా, గరుగ్గా, అట్టకట్టినట్టు ఉండే పొర చూస్తారు మీరు. అందులో సయనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి బతుకుతుంటాయి. గాలికి, వానకి నేల కొట్టుకుపోకుండా పట్టుకునేది ఆ పొరే, మొక్కలకి నత్రజని అందించేదీ అదే. ఒక్క అడుగుకి పొడైపోతుంది. తిరిగి కట్టుకోవడానికి ఏళ్ళు, ఒక్కోసారి దశాబ్దాలు. అందుకే ట్రైల్ దాటొద్దు అని అరిగిపోయిన రికార్డులా చెప్తూనే ఉంటాం.

ఇక నా కడుపుమంట కొంచెం చెప్పుకోనివ్వండి. కుక్క మలం సంచిలో ఎత్తి, ముడి వేసి, ఆ సంచిని ట్రైల్ పక్కనే వదిలేసి వెళ్తారు, తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటామని. తీసుకోరు. నారింజ తొక్క మట్టిలో కలిసిపోతుందంటారు. తేమ లేని చోట అదెక్కడ కలుస్తుంది, ఎండి తోలులా అయి నెలల తరబడి అక్కడే పడి ఉంటుంది. రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి గోపురాలు కట్టేవాళ్ళున్నారు. ఆ రాయి కింద ఒక తేలుకో బల్లికో ఇల్లుండేది, నీడ ఉండేది. బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని నడిచేవాళ్ళ గురించి చెప్పడం మొదలుపెడితే బీపీ పెరుగుతుంది. త్రాచుపాము బుస కొడుతుంది, ఇక్కడి రాటిల్‌స్నేక్ తోక ఆడించి హెచ్చరిస్తుంది. ఆ చప్పుడు వినబడటం మన ప్రాణానికే మంచిది కదా, పాట పెట్టుకుంటే ఎలా?

మీరు వాలంటీర్ అంటే హైక్‌లు మాత్రమే అనుకుంటున్నట్టున్నారు. నన్నడిగితే మొదటి ఏడాది కలుపు తీసే బృందంలో చేరండి. స్టింక్‌నెట్ అని ఒక మొక్క, గోళీల్లాంటి చిన్న పసుపు పూలు, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, నలిపితే ముక్కు పగిలే వాసన. దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. శీతాకాలం వానలకి మొలిచి, ఎండలు ముదిరేసరికి ఎండిన కంపలా నిలబడుతుంది. సోనోరన్ ఎడారిలో మొక్కకీ మొక్కకీ మధ్య ఖాళీ నేల ఉంటుంది, ఎక్కడైనా నిప్పు పడినా పాకడానికి దారి దొరకదు. ఆ ఖాళీని ఈ కలుపు పూడ్చేస్తుంది. సువారోలకి మంటను తట్టుకునే గుణం లేదు. 2020 జూన్‌లో ఫీనిక్స్‌కి ఈశాన్యంగా టోంటో అడవిలో ఒక వాహనం నుంచి అంటుకున్న కార్చిచ్చు, దానికి పెట్టిన పేరే బుష్ ఫైర్, 1,90,000 ఎకరాలకు పైగా కాల్చేసింది. కాలిన సువారో వెంటనే పడిపోదు. పైన పచ్చగా కనిపిస్తూనే, నిలబడే, కొన్నేళ్ళ పాటు చచ్చిపోతూ ఉంటుంది. అది చూసినవాళ్ళెవరూ జనవరి చలిలో మోకాళ్ళ మీద కూర్చుని కలుపు పీకడం వృథా పని అనరు. పూత రాకముందే పీకాలి, పూత వచ్చాక అయితే సంచిలో కట్టి బయటికి మోసుకుపోవాలి, లేకపోతే గింజలు మనమే చల్లినట్టవుతుంది. మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి.

ఈ నేల ఊరికే మిగిలింది కాదు కూడా. ఫీనిక్స్ పక్కనే ఉన్న స్కాట్స్‌డేల్ నగర జనం 1995లో ఓటేసి తమ మీద తామే అమ్మకపు పన్ను పెంచుకున్నారు, పక్కనున్న మెక్‌డోవెల్ కొండల నేల కొని ఇళ్ళు లేవకుండా ఆపడానికి. ఇవాళ అక్కడ 30,000 ఎకరాలకు పైగా ఉంది. అంత డబ్బు పెట్టి కొన్నదాన్ని అడుగడుగునా కాపలా కాయడానికి జీతగాళ్ళని పెట్టలేరు. అందుకే మనలాంటివాళ్ళు కావాలి.

చేరితే ఇవి చేయండి. మొదట కొన్నాళ్ళు స్వీప్‌గా నడవండి, జనం ఏం చేస్తారో వెనక నుంచే బాగా కనబడుతుంది. జేబులో పళ్ళు దూరంగా ఉన్న దువ్వెన ఒకటి పెట్టుకోండి. చోయా ముక్క ఎవరి కాలికైనా అతుక్కుంటే చేత్తో లాగకూడదు, ముళ్ళకి కొక్కేలుంటాయి, వేళ్ళకి ఎక్కుతుంది. దువ్వెన దూర్చి ఒక్క విసురుతో లేపేయాలి, మిగిలినవి పట్టకారుతో. నీళ్ళు సగం అయిపోయాయంటే ఎంత దూరం వచ్చినా వెనక్కి తిరగాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు.

బయలుదేరే చోట నేను చెప్పే మాటల వరస ఆ రోజు తర్వాత మార్చేశాను. పాముల కంటే, నీళ్ళ కంటే ముందు తాబేలు. "దారిలో తాబేలు కనిపించొచ్చు. కనిపిస్తే ఆగి చూడండి, దూరం నుంచి ఫోటో తీసుకోండి, ఎత్తకండి, అది ఏడాదికి సరిపడా నీళ్ళు కడుపులో మోస్తోంది" అంటాను. పిల్లలుంటే వాళ్ళ వైపు తిరిగి ఇంకోసారి చెప్తాను. దారిలో పెద్దవాళ్ళని ఆపేది వాళ్ళే.