చెంచా పుట్టిల్లు దాని వీపు మీదే ఉంటుంది

చిరంజీవి లలితకు మామయ్య ఆశీస్సులు.

నీలగిరుల్లోని కూనూరులో ఒక ఎస్టేటు బంగళా సామాను అమ్ముతున్నారనీ, అందులో పాత వెండి చెంచాల పెట్టెను నువ్వు మొత్తంగా కొనబోతున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాచుకున్నదంతా దానికే పెడుతున్నావట. ఇంగ్లండు సరుకని అమ్మేవాడు అన్నాడట. నీ ధైర్యం చూస్తే ముచ్చటేసింది, ఆ రాత్రి నిద్రా పట్టలేదు. అమ్మేవాడు చెప్పినంత మాత్రాన చెంచా పుట్టిల్లు తేలదమ్మా.

ముందుగా, ఆ చెంచాలు మా చెల్లెలి చేతికి చిక్కనీయకు. పండక్కి పూజసామాను తోమినట్టు చింతపండూ విభూతీ పట్టించిందంటే నీ పెట్టుబడి సగం కాలువలో పోతుంది. ఎక్కడ, ఎవరు, ఎప్పుడు చేశారో చెప్పే చిన్న ముద్రలు చెంచా వీపున కొట్టి ఉంటాయి. వాటి గుంటల్లో పేరుకున్న నలుపే వాటిని చదివిస్తుంది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల సబ్బు, మెత్తని పాత పంచె గుడ్డ చాలు. చదవడానికి పది రెట్ల భూతద్దం కావాలి. టార్చి వెలుగు పక్కనుంచి పడాలి. ముద్ర అరిగిపోయి ఉంటే దాని మీద ఊపిరి ఊదు, ఆవిరి ఆరేలోపు గీతలు తేలతాయి.

నాలుగు గడుల్లో ఇ, పి, ఎన్, ఎస్ అనే ఇంగ్లిషు అక్షరాలుంటే అది పూత సరుకు, అసలు ముద్రల్లా కనిపించేలా కొట్టారంతే. అది కనబడకపోయినా చెంచా గిన్నె వీపు చూడు. బల్లకు రాసుకునే చోట పసుపు ఛాయ బయటపడితే లోపల జర్మన్ సిల్వర్. పేరులో ఉన్న వెండి అందులో ఉండదు, రాగీ నికెలూ జింకూ తప్ప.

ఇంగ్లండు వెండికి నడుస్తున్న సింహం ముద్ర ఉంటుంది, అంటే నూటికి 92.5 పాళ్ల వెండి. చిరుతపులి తల లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం అప్పట్లో షెఫీల్డ్‌ది. స్కాట్లండులోని ఎడిన్‌బరో పాత చెంచాలకు కోట ఉంటుంది, ఐర్లండులోని డబ్లిన్ వాటికి కిరీటం పెట్టిన వీణ ఉంటుంది. ఆ రెండు చోట్లా నడిచే సింహం కనబడలేదని కంగారుపడకు. వీటితో పాటు చేసినవాడి పొడి అక్షరాలూ, ఏడాదిని చెప్పే ఒక అక్షరమూ ఉంటాయి.

నా దిగులంతా ఆ ఏడాది అక్షరం గురించే. ఈ పనిలో కొత్తవాళ్లూ పాతవాళ్లూ పడే గొయ్యి అదే. అక్షరం కనబడగానే పట్టిక తెరిచి, నచ్చిన ఏడాది దగ్గర వేలు పెట్టేస్తారు. చిన్నబడి ‘ఎ’ (a) ఉందనుకో. లండన్‌లో అది 1776. నలభై ఏళ్ల తర్వాత, 1816లోనూ చిన్నబడి ‘ఎ’ మళ్లీ వచ్చింది. లండన్ వాళ్లు ఇరవై అక్షరాలు వాడి, అయిపోగానే లిపి మార్చి మళ్లీ మొదలుపెట్టేవారు. బర్మింగ్‌హామ్‌లో చిన్నబడి ‘ఎ’ అంటే 1798. అక్షరం ఒక్కటే, ఏళ్లు మూడు, ధరలూ మూడు. పైగా లండన్‌లో అక్షరం మే నెలలో మారేది కాబట్టి 1776 అంటే నిజానికి 1776–77.

అందుకే అక్షరాన్ని చివరికి అట్టేపెట్టు. మొదట ఊరు తేల్చుకో. తర్వాత రాజుగారిదో రాణిగారిదో తల కోసం వెతుకు. వెండి మీద పన్ను కట్టారనడానికి ఆ తల గుర్తు, 1784 డిసెంబరులో మొదలై 1890లో పోయింది. కాబట్టి లండన్ ‘ఎ’ పక్కన తల ఉంటే అది 1776 కాలేదు. ఆ తర్వాత ముద్రలు ఎక్కడున్నాయో చూడు. సుమారు 1780 దాకా కాడ కిందిభాగంలో, గిన్నెకు దగ్గర ఇరుకుచోట కొట్టేవారు. కొట్టాక కాడను సరిచేసేసరికి ముద్రలు నలిగి వంకరపోయేవి. తర్వాత కాడ పైకొసకు మార్చారు. అక్కడవి చదవడం తేలిక. ఆ మార్పుకు ముందటి టీ చెంచాలకు తరచు సింహమూ చేసినవాడి ముద్రా మాత్రమే ఉంటాయి, వాటి ఏడాది గట్టిగా చెప్పేవాణ్ణి నమ్మకు. చివరికి ఆకారం చూడు: కాడ కొస వెనక్కి వంగిన సాదా ఓల్డ్ ఇంగ్లిష్ తీరు 1776కి సరిపోతుంది. ఫిడేలు తీరు కాడైతే 1800 తర్వాతే జోరందుకుంది. ఊరు, తల, చోటు, ఆకారం నాలుగూ ఒకే మాట చెబితేనే అక్షరం అడుగు. ఒక్కటి ఎదురుతిరిగినా బేరం ఆపెయ్.

గిన్నెలో పళ్లూ ఆకులూ ఉబ్బెత్తుగా, బంగారు పూతతో మెరుస్తుంటే మురిసిపోకు. సాదా పాత చెంచాలను విక్టోరియా కాలంలో అలా ముస్తాబు చేశారు. ముద్ర పాతదే, పని కొత్తది.

కూనూరు కాబట్టి నా అనుమానం మద్రాసు మీదికి పోతోంది. మౌంట్ రోడ్డు పి. ఓర్ అండ్ సన్స్, కలకత్తా హామిల్టన్ కంపెనీ లాంటివాళ్లు తెల్లదొరలకు ఇవే తీరుల్లో చెంచాలు చేశారు. అప్పట్లో ఇక్కడ సర్కారు పరీక్ష లేదు, ఎవరి ముద్ర వాళ్లదే. హామిల్టన్ పేరు పక్కన ఏనుగు కనిపిస్తుంది. చైనాలోని కాంటన్ పనివాళ్లైతే లండన్ ముద్రలను పోలేలా తమ ముద్రలు కొట్టారు, భూతద్దంలో ఆ సింహం పిల్లిలా ఉంటుంది. మద్రాసు సరుకని తేలితే చిన్నబుచ్చుకోకు, కొనేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ఇంగ్లండు ధర మాత్రం ఇవ్వకు.

గీటురాయి మీద గీయనీయకు, ఆకురాయి అసలే వద్దు. క్యారెట్ మీటరు గీత పడకుండా పాళ్లు చెబుతుంది కానీ పైపొరనే చూస్తుంది, మందం పూత దాన్ని బోల్తా కొట్టిస్తుంది. వెండి నూటికి 91, 92 దగ్గర చూపితే మోసమనుకోకు. ఆనాటి రూపాయి వెండి 91.7, రూపాయలు కరిగించి పోసిందీ కావచ్చు.

డాలస్‌లో మీ అన్నయ్య అమ్మిపెడతానన్నాడట. నూరేళ్లు దాటిన పురావస్తువుల్ని మనలాంటివాళ్లు దేశం దాటించకూడదని 1972 చట్టం ఉంది. సూట్‌కేసులో రెండే రెండని వాడంటాడు, వినకు. చిన్నప్పుడు తాతయ్య ఉద్ధరిణి జేబులో వేసుకుని బడికి పోయిన పిల్లవి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒక్కో చెంచాకూ రెండు ఫొటోలు, ముద్రలది దగ్గరగా, వీపుది మొత్తంగా తీసి శనివారంలోపు పంపు. అప్పటిదాకా బయానా ఇవ్వకు. డబ్బు సంగతి మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య