అంకెలు పక్కన పెట్టు, ఒక్క పరిశోధన విప్పి చెప్పు

అమ్మాయికి ఆశీస్సులు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్ల పరిశోధన మీద నువ్వు రాసిన ముసాయిదా చదివాను. శ్రమపడ్డావు, తెలుస్తోంది. కానీ మొదటి పేజీ అంతా ఎన్ని పీహెచ్‌డీలు, ఎన్ని పత్రాలు, ఎన్ని పేటెంట్లు అనే లెక్కే. సముద్రం, రాళ్లు, మందు రసాయనాలు, మేనరికాలు, జానపద గేయాలు, ఇన్ని దిక్కుల పని జరిగిన చోటు అది. అన్నిటినీ తలా ఒక వాక్యంలో చెప్పబోతే పాఠకుడికి ఏదీ మిగలదు. రెండు మూడు పనులు ఎంచుకో. ఒక్కొక్కటి ఎలా చేశారో అర్థమయ్యేదాకా రాయి.

సముద్రం సంగతే చూడు. 'లాఫాండ్ సేవలు చిరస్మరణీయం' అని ఒక్క ముక్కతో దాటేశావు. 1950లలో అమెరికా ప్రభుత్వ ఫుల్‌బ్రైట్ పథకం కింద ఆచార్యుడిగా వాల్తేరు వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడి పరిశోధకులతో కలిసి విశాఖ తీరపు నీటి ఉష్ణోగ్రత, లవణీయత కొలిపించారు. కొలవడం ఎలాగో చెప్పు. లోతు నీటిని పట్టడానికి ఆ రోజుల్లో నాన్సెన్ సీసా వాడేవారు. రెండు వైపులా తెరిచి ఉన్న లోహపు గొట్టాన్ని తీగకు బిగించి దింపుతారు. కావలసిన లోతుకు చేరాక పైనుంచి తీగ వెంట ఒక బరువు జారవిడుస్తారు. అది తగలగానే గొట్టం తలకిందులై రెండు మూతలూ మూసుకుపోతాయి, ఆ లోతు నీరే లోపల ఉండిపోతుంది. పక్కన అమర్చిన థర్మామీటరు కూడా దాంతోపాటే తిరగబడుతుంది. పాదరసం సన్నని మెడ దగ్గర తెగి, పైకి లాగినా ఆ లోతు ఉష్ణోగ్రతే చూపిస్తుంది. మామూలు థర్మామీటరు దింపితే పైకి వచ్చేలోపు వెచ్చటి నీటిలో అంకె మారిపోతుంది. కొలత ఎందుకు కష్టమో తెలిస్తేనే ఫలితం విలువ తెలుస్తుంది.

ఇక ఫలితం. వేసవిలో, నైరుతి రుతుపవనాలకు ముందు నెలల్లో గాలి నైరుతి నుంచి తీరం వెంబడి వీస్తుంది. భూమి తిరగడం వల్ల ఉత్తరార్ధగోళంలో పైపొర నీరు గాలికి కుడివైపు మళ్లుతుంది. మన తీరం ఈశాన్యంగా సాగుతుంది కాబట్టి ఆ కుడివైపు నడిసముద్రమే. పైనీరు అటు జరిగితే ఖాళీ అయిన చోటికి కింది పొరల నుంచి చల్లటి, ఉప్పదనం ఎక్కువున్న నీరు ఎక్కి వస్తుంది. దాంతోపాటు నైట్రేట్లు, ఫాస్ఫేట్లు వస్తాయి, వాటితో ప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు, పెరుగుతాయి. అలాగని నువ్వు రాసినట్టు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే చేపలవేట నిషేధాన్ని దీనికి ముడిపెట్టకు. ఆ నిషేధం చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టింది. రెండు విషయాల నెలలు కలిశాయని ఒకదానికి ఇంకొకటి కారణం అయిపోదు. సైన్సు వ్యాసాల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాల కోసం శోధ్‌గంగ అనే వెబ్‌సైటు చూడు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతుంది, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు. ఒక్కో గ్రంథం అధ్యాయాల వారీగా విడివిడి ఫైళ్లుగా ఉంటుంది. అందరూ సారాంశం, ముగింపు చదివి ఆపేస్తారు. నువ్వు ముందు పద్ధతి అధ్యాయం తెరువు. శీర్షికలో 'ఉత్తరాంధ్ర రైతులు' అని ఉండి, లోపల చూస్తే మూడు ఊళ్లలో నూట ఇరవై మందిని అడిగి ఉండవచ్చు. అప్పుడు నీ వ్యాసంలోనూ మూడు ఊళ్లు, నూట ఇరవై మంది అనే రాయాలి. ఏ నెలల్లో నమూనా తీశారు, ఏ పరికరం, ఎన్నిసార్లు కొలిచారు, ఇవి నోట్‌బుక్‌లో ఎక్కించాకే ఫలితాల పట్టికకు వెళ్లు.

తెలుగు శాఖ గ్రంథాలు వెతికేటప్పుడు ఓపిక కావాలి. చాలావాటి శీర్షికలు రోమన్ లిపిలో ఎక్కించి ఉంటాయి, ఒకే మాటను ఒక్కొక్కరు ఒక్కోలా రాసి ఉంటారు. మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో వెతుకు. లోపలి పాఠం యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో కొట్టినదో స్కాన్ చేసినదో అయితే తెలుగులో టైపు చేసి వెతికితే ఏమీ దొరకదు, పుటలు తిప్పాల్సిందే. తిప్పేటప్పుడు అనుబంధాలు వదలకు. సేకరించిన పాటలు, వృత్తి పదాలు, చెప్పినవారి పేరు, వయసు, ఊరు అక్కడే ఉంటాయి. విశ్లేషణ పాతబడినా ఆ సేకరణ పాతబడదు. నా దృష్టిలో విశ్వవిద్యాలయం కూడబెట్టిన అసలు ఆస్తి అదే.

పాత సైన్సు పత్రాలకు బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్ చూడు. 1934 నుంచి సంచికలు ఉచితంగా ఉన్నాయి. పత్తిపూల రంగు పదార్థాల మీద టి.ఆర్. శేషాద్రి బృందం వాల్తేరులో చేసిన పని అక్కడ దొరుకుతుంది. వెతికేటప్పుడు 'విశాఖపట్నం' ఒక్కటే కొడితే చాలదు, విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతం పేరు 'వాల్తేరు' అని కూడా కొట్టు.

పేర్ల దగ్గర చాలా జాగ్రత్త. మనకు ఇంటిపేరు ముందు పొట్టి అక్షరంగా ఉంటుంది. విదేశీ డేటాబేసులు చివరి మాటను ఇంటిపేరు అనుకుంటాయి. దాంతో కె. శ్రీనివాసరావు కాస్తా 'రావు, కె.ఎస్.' అయిపోతాడు, అలాంటివాళ్లు పదిమంది ఒకే పేరు కింద కలిసిపోతారు. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే పదహారు అంకెల ఆర్కిడ్ (ORCID) నంబరు ఉంటే దాన్ని పట్టుకో, లేకపోతే శాఖ, సహరచయితలు, ఏళ్లు సరిచూడు. ప్రయోగశాస్త్రాల్లో మొదటి పేరు సాధారణంగా పని చేసిన పరిశోధకుడిది, చివరిది గైడుది. గైడు పేరే రాసి ఆ కుర్రవాణ్ణో అమ్మాయినో వదిలేయడం అన్యాయం.

గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945 నాటి ఫలితాన్ని విశ్వవిద్యాలయం ఖాతాలో వేశావు. ఆయన ఇక్కడ గణితంలో ఎం.ఏ. చేశారు, ఆ పని మాత్రం కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేశారు. ఇక్కడ చదివినవారి ఘనత వేరు, ఇక్కడ జరిగిన పరిశోధన వేరు. వేరువేరు పేరాల్లో పెట్టు.

పేటెంట్ల పేరా పూర్తిగా తీసేసి మళ్లీ రాయి. మన దేశంలో దరఖాస్తు పెట్టిన 18 నెలలకు అది పేటెంట్ జర్నల్‌లో మామూలుగానే ప్రచురితమవుతుంది. పరీక్షకు అర్జీ, అభ్యంతరాలు, జవాబులు, ఇవన్నీ దాటితేనే మంజూరు. ప్రచురణ కాగితం చూపించి 'పేటెంట్ వచ్చింది' అంటుంటారు. దరఖాస్తు నంబరు అడిగి తీసుకుని పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో ప్రస్తుత స్థితి చూడు. డిజైన్ రిజిస్ట్రేషన్ అయితే అది వస్తువు ఆకారానికి ఇచ్చేది, దాన్ని పేటెంట్లలో కలపకూడదు.

పరిశోధన పత్రికల విషయంలో 'కేర్ లిస్టులో (యూజీసీ ఆమోదించిన పత్రికల జాబితాలో) ఉంది' అన్న మాట ఇక చాలదు, యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఆ జాబితానే ఎత్తేసింది. డీఓఐ, అంటే పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు లింకు, నొక్కితే అదే పత్రం తెరుచుకుంటోందా, ఉపసంహరణ నోటీసు ఉందా అని చూస్తే సగం చిక్కులు తీరతాయి.

చివరగా, వ్యాసం పూర్తయ్యాక పరిశోధకులకు మొత్తం పంపనక్కర్లేదు. వారి పనిని వివరించిన పేరాలు, అంకెలు మాత్రం పంపి, తప్పులుంటే వారం లోపల చెప్పమను. పొగడ్త పెంచమంటే ఒప్పుకోకు, కొలత ప్రమాణం సరిదిద్దితే వెంటనే మార్చు. నాన్సెన్ సీసాకు ఒక గీతబొమ్మ వేయించు, తిరగబడక ముందూ తర్వాతా రెండూ కనిపించాలి. కొత్త ప్రతిలో సముద్రం భాగమే ముందు పంపు, మిగతాది తర్వాత చూద్దాం.