శెనక్కాయల సాలు పక్కన ఆల్ప్స్ కొండల పాపీలు బతుకుతాయా?

మీరు అడిగింది ఇదీ: కావలి దగ్గర సముద్రం వైపు మీకు మూడు సెంట్ల ఇసుక దొడ్డి ఉంది, ఏటా శెనక్కాయలు వేస్తారు. స్విట్జర్లాండ్‌లో ఉండే మీ అన్నయ్య ఈసారి వస్తూ ఆల్పైన్ పాపీ అనే, గసగసాల జాతి పూల మొక్క విత్తనాలు తెచ్చారు. ప్యాకెట్ మీద "నీరు నిలవని గరుకు నేల, పూర్తి ఎండ" అని రాసుంది. మా దొడ్డి అచ్చం అలాంటిదే కదా, ఓ సాలు అవి కూడా వేయొచ్చా? వాటి గింజలు గసగసాల్లా కూరల్లో వాడుకోవచ్చా?

వేయొచ్చు, కానీ బతకవు. నాలుగేళ్ల కింద నేను కూడా సరిగ్గా ఇలాగే అనుకుని వేశాను.

మాదీ సముద్రం పక్క ఇసుక నేలే. జర్మనీలో ఉన్న మా పిన్ని కొడుకు ఓ ప్యాకెట్ తెచ్చిచ్చాడు. ఆ విత్తనాలకు ముందు చలి తగలాలని చదివి, తడి ఇసుకలో కలిపి డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో నాలుగు వారాలు ఉంచాను. మా అవ్వ పెరుగు కోసం తలుపు తీసి, "ఏందబ్బయా ఇది, ఇంటిచుట్టూ ఉన్న ఇసక చాలక దీంట్లో కూడా పెట్టావా?" అంది. డిసెంబరు ఆఖర్లో, వానలు తెరిపిచ్చాక, ట్రేలో చల్లాను. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగలాలి. గింజ దుమ్ములా ఉంటుంది, తుమ్మితే ఎగిరిపోతుంది. ఓ పాతిక గింజలు చల్లితే ఏడు మొలిచాయి. బూడిద రంగు కలిసిన ఆకుపచ్చలో, కొత్తిమీరలా చీలికలు చీలికలుగా ఆకులు. చాలా ముద్దొచ్చాయి.

సంక్రాంతి దాటగానే ఒక్కోటీ మెడ దగ్గర మెత్తబడి పడిపోవడం మొదలైంది. రెండింటిని కుండీలోకి మార్చి నేనే చంపాను. దీనికి ముల్లంగిలా నిలువుగా దిగే తల్లివేరు ఉంటుంది, దాన్ని కదిపితే ఒప్పుకోదు. ఆఖరిది ఫిబ్రవరి దాకా ఉంది. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు, దాంతోపాటే అదీ పోయింది. పువ్వు కాదు కదా, మొగ్గ కూడా చూడలేదు.

తప్పు ఎక్కడుందంటే, మనం నేలను చూసి పోలిక పెట్టుకున్నాం, రాత్రిని చూడలేదు. ఆల్పైన్ పాపీ సుమారు 2,000 మీటర్ల ఎత్తున, కొండ మీంచి జారిన రాళ్ల గుట్టల మధ్య పెరుగుతుంది. ఏడాదిలో సగానికి పైగా మంచు కింద నిద్రపోతుంది. మంచు కరిగాక ఉండే చిన్న వేసవిలోనే పూసి, గింజ కట్టేయాలి. పగలు ఎండ కాసినా రాత్రి చల్లగా ఉండాలి దానికి. మనకి జనవరిలో కూడా రాత్రి ఇరవై డిగ్రీల చుట్టూనే ఉంటుంది. ఇక రోహిణి కార్తె సంగతి చెప్పక్కర్లేదు. వేరుశెనగది సరిగ్గా తిరగేసిన లెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, 25 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటేనే కులాసాగా పెరుగుతుంది. చలి ఎక్కువైతే మొలకే సరిగా రాదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ రెండూ నిజంగానే కలుస్తాయి, అది కాల్షియం. ఆల్పైన్ పాపీ ఎక్కువగా ఉండేది సున్నపురాతి గుట్టల్లో, కాబట్టి దానికి కావలసినంత కాల్షియం కాళ్ల కిందే దొరుకుతుంది. మన ఇసుకలో అది అంతగా ఉండదు, మనమే వేయాలి. వేరుశెనగ పువ్వు పైన పూస్తుంది, తర్వాత దాని నుంచి సూదిలాంటి ఊడ భూమిలోకి దిగి, ఆ కొస లావెక్కి కాయ అవుతుంది. ఆ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేళ్ల ద్వారా కాదు, చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. అందుకే కాల్షియం కోసం వేసే జిప్సం పొడి ఊడలు దిగే చోట, మొక్క మొదట్లో పడాలి, పక్క సాల్లో పడితే దండగ.

ఇది నాకు మొదటి ఏడాది తెలీదు. కదిరి-6 అనే శెనక్కాయ రకం వేశాను. ఆకు లేతగా ఉందని కొట్లో ఆయన యూరియా వేయమన్నాడు, వేశాను. చేను చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పీకి చూస్తే కాయ పెద్దదే, చేత్తో నొక్కితే పుటుక్కున లోపలికి పోయేది. సగానికి సగం లొట్ట కాయలు. మరుసటి ఏడాది పూత బాగా ఉన్నప్పుడు, 40 రోజులప్పుడు, జిప్సం వేసి మట్టి ఎగదోశాను. ఎకరాకు 200 కిలోలు అంటారు, అంటే సెంటుకి 2 కిలోలు. మీ మూడు సెంట్లకి 6 కిలోలు చాలు, పెద్ద ఖర్చేం కాదు. జిప్సం వేసి మట్టి ఎగదోశాక ఇంక మొక్కల చుట్టూ మట్టి కదపకండి, ఊడలు తెగిపోతాయి.

ఎప్పుడు పీకాలో తేదీ చూసి కాదు, కాయ ఒలిచి చూడాలి. మా అవ్వ చేను మధ్యకి పోయి ఓ మొక్క లాగి, రెండు కాయలు బొటనవేలితో చిట్లించి డొల్ల లోపలి పక్క చూసేది. తెల్లగా ఉంటే పక్కన పడేసి వచ్చేసేది. ముప్పాతిక కాయల్లో లోపల నల్ల చారలు వచ్చాక, సుమారు 110 రోజులకి, పీకమనేది. పీకాక బాగా ఎండాలి. గలగలమని మోగకుండానే మూట కడితే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది, అది ఉడకబెట్టినా పోదు. బూజు పట్టినవి గేదెలకి కూడా వేయకండి.

వాడకం సంగతికొస్తే పోటీయే లేదు. గింజలో దాదాపు సగం నూనె, పావు వంతు మాంసకృత్తులు. పచ్చివి ఉప్పేసి ఉడకబెట్టుకుంటాం, దోసెల్లోకి చట్నీ, బెల్లం పాకంలో ఉండలు. గానుగాడించాక మిగిలిన చెక్క గేదెలకి, ఎండిన కట్టె పశువులకి, డొల్లలు పొయ్యిలోకి. వేళ్ల బుడిపెలు నేలకి నత్రజని పెడతాయి, తర్వాత వేసే పంటకి ఎరువు కొంత తగ్గించుకోవచ్చు. ఆల్పైన్ పాపీ ఉపయోగం ఒక్కటే, చూసుకోవడం. జానెడు మొక్క మీద తెల్లవో, పసుపుపచ్చవో, నారింజ రంగువో పల్చటి రేకులు. చలి దేశాల్లో రాళ్ల తోటల్లో పెంచుతారు. అది తక్కువని నేననను, నేను ఫ్రిజ్‌లో చోటిచ్చింది అందుకే కదా.

గసగసాల మాట మాత్రం మర్చిపోండి. అవి వేరే మొక్కవి, నల్లమందు మొక్కవి. కాయ ఉప్పు డబ్బాలా పైన చిల్లులు పడి గింజ రాలుస్తుంది, ఆ పోలిక చాలా పాపీలకి ఉండేదే, అంతమాత్రాన అన్నీ వంటింటివి కావు. గసగసాల మొక్కని లైసెన్సు లేకుండా పెంచడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద నేరం. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కేంద్రం గుర్తించిన ప్రాంతాల్లోనే రైతులకి లైసెన్సులు ఇస్తారు. కొట్లో కొన్న గసగసాలు సరదాగా చల్లి చూద్దామని కూడా అనుకోకండి. ఇంకోటి, బయటి దేశం విత్తనాలు తేవాలంటే ఆ దేశం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అప్పట్లో నాకు తెలీదు. ఈసారికి మీ ప్యాకెట్ అన్నయ్యకే తిరిగిచ్చేయండి, అక్కడ బాల్కనీలో వేసి ఫొటో పెడతారు.

మన చేల గట్ల మీద ముళ్ల ఆకులు, పసుపుపచ్చ పూలతో బలురక్కసి మొలుస్తుంది చూడండి, అది కూడా ఈ పాపీల కుటుంబానిదే. తుంచితే పసుపు పాలు కారతాయి. గింజ అచ్చం ఆవాల్లా ఉంటుంది, ఆవనూనెలో కలిసి ఉత్తరాదిన ఎందరికో జబ్బు చేసింది. కనపడితే కాయ కట్టకముందే పీకేయండి, చేతికి గుడ్డ చుట్టుకుని.

పూల సాలు కావాలనే ఉంటే పొద్దుతిరుగుడు వేయండి. దొడ్డి చుట్టూ అక్కడక్కడా నాలుగు మొక్కలు చాలు. కంటికి బాగుంటుంది, పొగాకు లద్దెపురుగు తల్లులు శెనక్కాయల్ని వదిలి దాని మీద గుడ్లు పెడతాయి. వారానికి రెండుసార్లు ఆకులు తిప్పి చూసి, గుడ్ల ముద్ద కనపడితే ఆకుతో సహా తుంచి సబ్బు నీళ్లలో వేసేయండి.