టైమింగ్ బెల్ట్ తెగిన కారు: బాగు చేయించాలా, వదిలించుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2014 మోడల్ డీజిల్ కారును 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇప్పటికి 1,26,000 కిలోమీటర్లు తిరిగింది. వారంలో రెండు మూడు రోజులు కాలేజీకి, నెలకోసారి అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి వాడతాను. పోయిన వారం కాజ టోల్‌గేట్ దాటాక ఉన్నట్టుండి ఆగిపోయింది. టైమింగ్ బెల్ట్ తెగిందట. ఆటోనగర్ మెకానిక్ 65,000 అవుతుందంటున్నాడు, షోరూంలో 1,10,000 చెప్పారు. బాగుంటే 2 లక్షలు పలికే బండిని, ఉన్నదున్నట్టు 70,000కు కొంటానని ఒకాయన వచ్చాడు. నిరుడే టైర్లకు, క్లచ్‌కు 48,000 పెట్టాను, అమ్మబుద్ధి కావడం లేదు. మా బావమరిదేమో కొత్తది తీసుకో, ఈఎంఐ 15 వేలేగా అంటున్నాడు. జీతం 62,000. పాప ఇంటర్ సెకండియర్. 3 లక్షల ఎఫ్‌డీ, సగం నడిచిన 2 లక్షల చీటీ ఉన్నాయి. చీటీ పాడేసి రిపేరు చేయించనా? ఇన్సూరెన్స్ ఏమైనా వస్తుందా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ నిరుటి 48,000 సంగతి తేల్చేద్దాం. దాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి. ఆ టైర్లు, క్లచ్ ఉన్నందుకు బండి ధర కాస్త పెరిగి ఉంటే, అది 70,000 ఇస్తానన్నాయన బేరంలో ఎలాగూ కలిసే ఉంది. ఈ మాట నేను సులువుగా చెప్పడం లేదు. నా పాత కారుకు ఏసీ కంప్రెసర్ పోయినప్పుడు, "అంతకుముందే ఇంత పెట్టాం కదా" అని ఇంకో 32,000 పెట్టి, రెండు నెలలకే బండి అమ్మేశాను. కొన్నవాడు ఏసీ చల్లగా ఉందని మెచ్చుకుని, ధర మాత్రం పైసా పెంచలేదు.

ఇన్సూరెన్స్ మాట కూడా రెండు ముక్కల్లో చెబుతాను. రాదు. యాక్సిడెంట్, దొంగతనం, వరద లాంటివే ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) కిందికి వస్తాయి. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ రావు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో కార్లు మునిగినప్పటి నుంచి మన దగ్గర చాలామంది పాలసీతో పాటు ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ తీసుకుంటున్నారు. మీకూ అది ఉండొచ్చు. కానీ అది ప్రధానంగా ఇంజిన్‌లోకి నీళ్ళు పోయినా, ఆయిల్ కారిపోయినా జరిగే నష్టానికి. వయసైపోయి తెగిన బెల్ట్‌కు కాదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే మాత్రం కాజ నుంచి బండిని లాగించిన ఖర్చు వస్తుందేమో పాలసీ తీసి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఫిజిక్స్ మీకు నేను చెప్పక్కర్లేదు గానీ, డబ్బు లెక్కంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి చెబుతున్నాను. పిస్టన్లకు కట్టి ఉండే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. ఆ రెంటినీ అలా కట్టి ఉంచేది ఈ బెల్టే. అది తెగగానే పైన క్యామ్ ఆగిపోతుంది. కింద పిస్టన్లు మాత్రం బండి వేగానికి ఇంకా కదులుతూనే ఉంటాయి. మీ బండి లాంటి డీజిల్ ఇంజిన్లలో పైకొచ్చిన పిస్టన్‌కూ తెరిచి ఉన్న వాల్వుకూ మధ్య చోటుండదు. అందుకే వాల్వులు వంగుతాయి. అదృష్టం బాగుంటే వాల్వులతో, రాకర్ ఆర్మ్‌లతో సరిపోతుంది. లేదంటే వాల్వ్ గైడ్లు, పిస్టన్, ఒక్కోసారి హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) కూడా పోతాయి. మీరు హైవే మీద ఏ 80లోనో ఉండి ఉంటారు. నెమ్మదిగా పోతున్నప్పుడు తెగడం వేరు, అప్పుడు తెగడం వేరు. ఆగిపోయాక స్టార్టర్ మళ్ళీ మళ్ళీ కొట్టి ఉంటే అదీ మెకానిక్‌కు చెప్పండి, దాయకండి.

అందుచేత, హెడ్ దించకుండా చెప్పిన 65,000 ఇంకా లెక్క కాదు. బహుశా మీ మెకానిక్ మంచివాడే, అనుభవం మీద చెప్పి ఉంటాడు. అయినా లోపల ఏముందో ఆయనకూ తెలియదు. కాబట్టి మీరు తీసుకోవలసిన మొదటి నిర్ణయం రిపేరు చేయించాలా వద్దా అన్నది కాదు, హెడ్ దింపించి చూడాలా వద్దా అన్నది. దానికి కూలీ కింద కొన్ని వేలు పోతాయి. ఆ కూలీ ఎంతో, పని వద్దనుకుంటే ఎంత తీసుకుంటాడో ముందే అడగండి. విప్పేసిన బండిని 70,000 ఆయన అదే ధరకు తీసుకుంటాడో లేదో కూడా ఫోన్ చేసి కనుక్కోండి. కొందరు విప్పిన ఇంజిన్ అంటే పదివేలు కోస్తారు.

విప్పే ముందే ఒక అంకె కాగితం మీద రాసుకోండి. మీ విషయంలో నేను రాసే అంకె 90,000. అది ఎలా వచ్చిందో చెబుతాను. ఇంజిన్ విప్పిన బండి అని తెలిస్తే కొనేవాడు 2 లక్షలు ఇవ్వడు, 1,60,000 దగ్గర ఆగుతాడు. అందులోంచి ఇప్పుడు చేతికొచ్చే 70,000 తీసేస్తే మిగిలేది 90,000. అంతకు లోపు రిపేరు అయితే, రేపే అమ్మేసినా మీరు నష్టపోరు. అది దాటితే, పిస్టన్లు పోయాయి, బోర్ (పిస్టన్ కదిలే గొట్టం) పని చేయించాలి అన్నారంటే, మనసు గట్టి చేసుకుని ఆపేయండి. లేత్ దగ్గర హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయడం) అయ్యాక ఆపడం ఎవరి తరమూ కాదు, అందుకే ముందే రాసుకోమంటున్నాను. షోరూం వాళ్ళ 1,10,000 ఈ గీతకు అవతలే ఉంది కనుక దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

మరి ఉంచుకుంటే? 65,000 రిపేరు, వదులుకుంటున్న 70,000 కలిపి 1,35,000 మీరు ఈ బండిలో మళ్ళీ పెడుతున్నట్టు. మూడేళ్ళు తిప్పి 60,000కు అమ్ముతారనుకుందాం. మధ్యలో సర్వీసులు, చిల్లర రిపేర్లకు ఏడాదికి 25,000 వేద్దాం. మొత్తం 1,50,000, నెలకు దాదాపు 4,200. మూడేళ్ళే ఎందుకన్నానంటే, 2029లో దీనికి 15 ఏళ్ళు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. ఫీజు, గ్రీన్ టాక్స్, అప్పటికి బయటపడే తుప్పు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ లోపే వదిలించుకోవడం మేలని నా అభిప్రాయం.

మీ బావమరిది గారి కారు సంగతి చూద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే, ఆయన హుషారు అందుకే అయ్యుండొచ్చు. అయినా ఆన్ రోడ్ 9 లక్షలనుకుని, 2 లక్షలు చేతి నుంచి కట్టి, మిగతా 7 లక్షలకు 9.5 శాతం వడ్డీతో ఐదేళ్ళ లోన్ తీసుకుంటే ఈఎంఐ 14,700. మూడేళ్ళలో వడ్డీయే లక్షన్నర. ఆ మూడేళ్ళలో బండి ధర ఓ మూడున్నర లక్షలు తగ్గుతుంది. ఈ రెండూ కలిపితే నెలకు నిజంగా పడే ఖర్చు 14,000 దగ్గర తేలుతుంది, ఇన్సూరెన్స్ కలపకుండానే. పైగా ఆ 2 లక్షలు మీ ఎఫ్‌డీ నుంచే పోవాలి. పాప ఎంసెట్ రాశాక కాలేజీ ఫీజు కట్టే నెలలోనే మీరు ఈఎంఐ కూడా కడుతుంటారు. 62,000 జీతంలో నేనైతే ఆ టెన్షన్ పెట్టుకోను. నాలుగు లక్షల్లో ఇంకో సెకండ్ హ్యాండ్ అంటారా, అందులోనూ బెల్ట్ ఎప్పుడు మార్చారో తెలియని బండే దొరకొచ్చు.

అసలు కారే లేకుండా గడవదా అని కూడా ఆలోచించాను. గుంటూరు, విజయవాడ మధ్య బస్సులకు కొదవ లేదు. మీరు ఎలాగూ సగం రోజులు బస్సులోనే వెళ్తున్నారు. కారు తీసిన రోజు డీజిల్‌కే 400 అవుతుంది, టోల్ వేరు. అమ్మగారి ఆస్పత్రికి నెలకోసారి కారు మాట్లాడుకున్నా, డీజిల్ మిగులు కూడా కలిపి చూస్తే, లెక్క ప్రకారం ఇదే అన్నిటికంటే చవక. కానీ రాత్రిపూట ఆవిడకు బాగాలేకపోతే ఫోన్ పట్టుకుని క్యాబ్ కోసం వెతకడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. దానికి విలువ కట్టవలసింది మీరు. నెలకు 4,200 అందుకు ఎక్కువ కాదనిపిస్తే, గీతకు లోపు వచ్చిన రిపేరు చేయించండి. హెడ్‌లో పని 90,000 దాటితే మాత్రం 70,000 తీసుకుని ఓ ఏడాది బస్సులో తిరగండి, పాప ఫీజు తేలాక చూద్దాం.

డబ్బు మాత్రం చీటీ నుంచి వద్దు. ఇప్పుడు పాడితే 30, 40 వేలు పోగొట్టుకోవాలి. మీకు కావలసింది 65,000, దానికోసం 2 లక్షల చీటీని కోసుకోవడం దేనికి? ఎఫ్‌డీ కూడా బద్దలు కొట్టకండి. దాని మీదే బ్యాంకులో ఓవర్ డ్రాఫ్ట్ అడగండి. ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు. 8 శాతం అనుకున్నా, నెలకు 6,500 చొప్పున పది నెలల్లో తీర్చేస్తే మొత్తం వడ్డీ 2,500 లోపే. క్రెడిట్ కార్డు ఈఎంఐ జోలికి వెళ్ళొద్దు.

పని చేయించేటప్పుడు సామాను, లేత్, కూలీ విడివిడిగా రాయించుకోండి. బెల్ట్ ఒక్కటే కాదు, దాన్ని బిగించి నడిపే టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంప్ కూడా ఇప్పుడే మార్పించండి, మళ్ళీ అదే కూలీ పెట్టే పని ఉండదు. పాత వాల్వులు అడిగి తీసుకోండి. ఎవరైనా "సెకండ్ హ్యాండ్ ఇంజినే వేసేద్దాం, చవక" అంటే బిల్లు అడగండి. ఇంజిన్ నంబరు మారితే ఆర్టీఓ ఆఫీసులో ఆర్సీ మీద ఎక్కించాలి. బిల్లు లేని ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలియదు.

ఆ 70,000 ఆయనకు ఇప్పుడే కాదని చెప్పకండి. హెడ్ దించే రోజు మీరు దగ్గరుండండి, వాల్వులు కళ్ళతో చూశాకే ఆయనకు ఫోన్ చేయండి.