2016లో సొంత ఎంపీలే వద్దన్నా కోర్బిన్ పదవి ఎందుకు పోలేదు?

బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ వైదొలగడం)పై ఓటు ముగిసిన కొద్ది రోజులకే బ్రిటన్‌లో 172 మంది లేబర్ పార్టీ ఎంపీలు తమ నాయకుడు జెరెమీ కోర్బిన్‌పై అవిశ్వాసం ప్రకటించారు. ఆయన పక్షాన నిలిచింది 40 మందే. అయినా పదవి పోలేదు, ఎందుకంటే లేబర్ నిబంధనల ప్రకారం ఆ ఓటుకు నాయకుణ్ణి దించే శక్తి లేదు. ఎవరైనా పోటీకి దిగి, పార్టీ సభ్యుల ఓట్లతో ఓడించాలి. పైగా పదవిలో ఉన్నాయన మళ్లీ ఎంపీల నామినేషన్లు తెచ్చుకోనక్కర్లేదని జాతీయ కార్యవర్గం తేల్చింది. అసలు మలుపు అదేనని నా అభిప్రాయం. సెప్టెంబరులో, పోటీకి దిగిన లేబర్ ఎంపీ ఓవెన్ స్మిత్‌పై కోర్బిన్ దాదాపు 62 శాతం ఓట్లతో గెలిచారు.

కన్జర్వేటివ్ పార్టీలో అలా సాగేది కాదు. అప్పట్లో 15 శాతం ఎంపీలు 1922 కమిటీ (ఆ పార్టీ ఎంపీల సంఘం) అధ్యక్షుడికి లేఖలిస్తే, నాయకుడిపై విశ్వాసం ఉందో లేదో తేల్చే రహస్య ఓటింగే. ఓడిన నాయకుడికి మళ్లీ పోటీ చేసే వీలు కూడా ఉండదు.