ట్రైలర్‌పై వంకరగా కూర్చునే పడవ: సమాధానం

చలికాలం కోసం తెరచాప పడవను పైకి లాగేటప్పుడు అది ట్రైలర్‌పై ఒక పక్కకు ఒరుగుతోందనీ, ముందు కొస విన్చ్ (పట్టీని చుట్టి పడవను లాగే సాధనం) స్తంభానికి జానెడు దూరంలోనే ఆగిపోతోందనీ మీరు రాశారు. మీరు ట్రైలర్‌ను అవసరానికి మించిన లోతుకు దింపుతున్నారని నా అనుమానం. నీటిలో పడవ సమతలంగా తేలుతుంది, ట్రైలర్ మాత్రం నీటిలోకి దిగే ర్యాంపు వాలుతోపాటు వంగి ఉంటుంది; అందువల్ల స్తంభానికి ఆనించి కట్టినా, వెనుక భాగం దిగి, ట్రైలర్‌పై పడవను మోసే దిమ్మెలపై కూర్చునేసరికి ముందు కొస కొంత వెనక్కి జరుగుతుంది.

ముందు భాగం దిమ్మెలను తాకి, వెనుక భాగం మాత్రమే తేలే లోతు వద్ద ఆపండి. పైకి మడిచే కీల్ (పడవ అడుగున ఉండే రెక్క) అయితే దానిని ముందే పూర్తిగా ఎత్తి బిగించాలి. వెనుక రెండు మూలలకూ తాళ్లు కట్టి, ఇరువైపులా ఒక్కొక్కరిని నిలబెడితే గాలికి పడవ పక్కకు పోదు. తరువాత నెమ్మదిగా కొన్ని అడుగులు లాగి, వెనుక భాగం కూర్చోబోతుండగా ఆగి, విన్చ్‌ను మళ్లీ బిగించండి. అప్పటికీ వంకరగా ఉంటే బలవంతంగా లాగవద్దు. తిరిగి తేలేవరకు దింపి సరిచేయడమే మేలు. బిగిసిన విన్చ్ పట్టీ దారిలో ఎవరూ నిలబడకూడదు.

దూరప్రయాణం చేసి వచ్చిన ట్రైలర్ చక్రాల హబ్‌లు (బేరింగులు ఉండే నడిమి భాగాలు) చల్లారాకే నీటిలో దింపండి, లేకపోతే లోపలి గాలి కుంచించుకొని బేరింగుల్లోకి నీటిని పీలుస్తుంది. తెరచాప స్తంభాన్ని దించేముందు తలపై విద్యుత్ తీగలు లేవని చూసుకోండి. గడ్డకట్టే నీరు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక, పడవ మోటారును నిలువుగా ఉంచి అందులోని నీటిని పూర్తిగా కారనివ్వండి.