పై షడ్జం దగ్గర ఊపిరి తెగడం: సమాధానం

కర్ణాటక సంగీతంలో వర్ణం (సాధనకు పాడే ఒక రకం రచన) పాడుతుంటే, పై షడ్జం (పై స్థాయి 'స' స్వరం) దగ్గర ఊపిరి చాలక మెడ బిగుస్తోందన్నారు. లోపం గొంతులో కాదు, కూర్చోవడంలో ఉన్నట్టుంది. బాసింపట్టులో నడుము గూనిలా వెనక్కి వంగితే పొట్ట నొక్కుకుపోతుంది, ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే శ్వాస కండరం) కిందికి దిగలేదు. అందుకే భుజాలు లేస్తాయి.

1. పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి. మోకాళ్లు తుంటికంటే కిందికి రావాలి.

2. గడ్డం ఎత్తకండి. పై స్వరానికి పైకి చూడనక్కర్లేదు!

3. చాలామంది మరిచేది ఇదే: పాత గాలి వదలకుండానే కొత్తది పీలుస్తారు. నిండిన బిందెలో నీళ్లు పోసినట్టే. ముందు 'స్' అంటూ మెల్లగా వదలండి. తర్వాత పొట్ట వదులు చేస్తే గాలి దానంతటదే వస్తుంది. అరచేతులు కింది పక్కటెముకలపై పెట్టుకోండి; అవి పక్కలకు విచ్చుకోవాలి. పాడేటప్పుడు ఒక్కసారిగా కుంగిపోనివ్వకండి.